ఎత్తుకు ఎన్ని నిమిషాలు? సునామీ తరలింపు ప్రణాళికల్లో కంప్యూటర్ నమూనాలు - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

భూకంపం తీరానికి సమీపంలోనే సంభవించినప్పుడు సునామీ అలలు పావుగంట, అరగంట వ్యవధిలోనే ఊళ్లను ముంచెత్తుతాయి. అంత తక్కువ సమయంలో ప్రజలు కాలినడకన ఎత్తయిన ప్రదేశానికి చేరుకోగలరా? చేరుకోలేని వారికి ఏ ఏర్పాటు చేయాలి? ఈ ప్రశ్నలకు సమాధానం వెతకడానికి కంప్యూటర్ నమూనాలు ఉపయోగపడుతున్నాయి. అమెరికా వాయవ్య తీరంలోని కాస్కేడియా ప్రాంతాన్ని ప్రధాన ఉదాహరణగా తీసుకొని, ఈ నమూనాలు పనిచేసే తీరును, వాటి ఆధారంగా జరిగిన నిర్ణయాలను, వాటి పరిమితులను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. జపాన్ అనుభవాలనూ, తెలుగు తీరానికి ఈ విషయంతో ఉన్న సంబంధాన్నీ ఇందులో పరిశీలించడం జరిగింది. నమూనా భవిష్యవాణి కాదని, నిర్ణయాలను పోల్చి చూసుకోవడానికి పనికివచ్చే కొలబద్ద మాత్రమేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సునామీ, తరలింపు, కంప్యూటర్ నమూనా, ముంపు ప్రాంతం, నిలువు తరలింపు, కాస్కేడియా, ఇన్‌కాయిస్, విపత్తు సందేశం.

1. ఉపోద్ఘాతం:

‘సునామీ’ జపాన్ భాషాపదం. ‘త్సు’ అంటే రేవు, ‘నామి’ అంటే అల. నడిసముద్రంలో పడవలవారికి పెద్దగా తెలియకుండా సాగిపోయి, రేవుకు చేరేసరికి విరుచుకుపడే అల కనుక ఆ పేరు సార్థకమైంది. తెలుగులో ‘ఉప్పెన’ అనే పదం ఉన్నప్పటికీ, వ్యవహారంలో అది ప్రధానంగా తుపాను గాలుల వలన ఎగసిపడే సముద్రాన్ని సూచిస్తుంది. తుపాను రాకను వాతావరణశాఖ రెండు మూడు రోజుల ముందే పసిగడుతుంది. భూకంపాన్ని అలా ముందుగా చెప్పగల విద్య ఇంతవరకు లేదు. కాబట్టి సునామీ విషయంలో మనిషికి మిగిలేది భూమి కంపించిన క్షణానికీ, నీరు చేరే క్షణానికీ మధ్యనున్న వ్యవధి మాత్రమే.

ఆ వ్యవధిని ఎలా వినియోగించుకోవాలన్నదే తరలింపు ప్రణాళిక. ఇందులో రెండు గడియారాలు ఏకకాలంలో నడుస్తుంటాయి. ఒకటి నీటిది, మరొకటి మనిషిది. నీటి గడియారాన్ని లెక్కించే నమూనాలు ముందుగా అభివృద్ధి చెందాయి. మనిషి గడియారాన్ని అంతే శ్రద్ధతో లెక్కించే ప్రయత్నాలు ఆ తరువాత విస్తరించాయి. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడే ఒక వీధిలోని, ఒక బడిలోని మనుషులకు బతికి బయటపడే అవకాశం ఉన్నదా లేదా అన్నది తెలుస్తుంది.

2. కాస్కేడియా - ప్రమాద స్వరూపం:

అమెరికాలోని ఉత్తర కాలిఫోర్నియా నుంచి ఆరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రాల మీదుగా కెనడాలోని వాంకూవర్ ద్వీపం వరకు, సముద్రగర్భంలో సుమారు 1,000 కిలోమీటర్ల పొడవున ఒక భూఫలకం మరొక ఫలకం కిందికి చొచ్చుకుపోతున్నది. దీనినే కాస్కేడియా సబ్‌డక్షన్ మండలం అంటారు. ఇక్కడ చివరిసారిగా మహాభూకంపం సంభవించినది 1700 జనవరి 26 రాత్రి. దాని తీవ్రత సుమారు 9గా శాస్త్రవేత్తలు అంచనా వేశారు.

ఆ కాలానికి ఆ తీరంలో రాతపూర్వక చరిత్ర లేదు. అయినా తేదీ ఇంత కచ్చితంగా తెలియడానికి కారణం రెండు భిన్నమైన ఆధారాలు ఒకచోట కలవడమే. తీరంలో నేల కుంగడంతో ఉప్పునీటిలో మునిగి చనిపోయిన దేవదారు జాతి చెట్ల మోళ్లు నేటికీ నిలిచి ఉన్నాయి. వీటిని ‘దయ్యపు అడవులు’ అని వ్యవహరిస్తారు. ఆ చెట్ల వార్షిక వలయాలను బట్టి అవి 1699 ఆగస్టు, 1700 మే నెలల మధ్య చనిపోయినట్లు తేలింది. మరోవైపు, 1700 జనవరి చివరిలో ఎటువంటి కంపనమూ లేకుండానే సముద్రం పొంగి వచ్చినట్లు జపాన్ గ్రామాల రికార్డుల్లో నమోదైంది. తల్లి భూకంపం తెలియని ఆ అలను ‘అనాథ సునామీ’ అన్నారు. దాని ప్రయాణకాలాన్ని వెనక్కి లెక్కించినప్పుడు కాస్కేడియా భూకంపం తేదీతో పాటు వేళ కూడా బయటపడింది. కంప్యూటర్ గణనం ఇక్కడ గతాన్ని చదవడానికి ఉపయోగపడింది. ఆ తీరంలోని ఆదివాసీ జాతుల మౌఖిక గాథల్లోనూ పిడుగుపక్షి, తిమింగలాల పోరాటంగా భూమి కంపించడం, సముద్రం పొంగడం వినిపిస్తాయి.

ఇటువంటి భూకంపం మళ్లీ వస్తే కంపనమే మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంటుందని, తొలి పెద్ద అల చాలాచోట్ల 15 నుంచి 30 నిమిషాల్లో బహిరంగ తీరాన్ని తాకుతుందని అంచనా. తీరంలోని అనేక పట్టణాలు ఇసుకదిబ్బల మీద, నదీముఖాల పక్కన, పల్లపు నేలల్లో విస్తరించాయి. అందువల్ల ఇక్కడ ప్రభుత్వ హెచ్చరిక కోసం వేచి ఉండే వీలు లేదు. భూమి కంపించడమే హెచ్చరిక.

3. మొదటి గణన - నీరు ఎప్పుడు, ఎంతవరకు:

సునామీ నమూనాలో మూడు దశలు ఉంటాయి. సముద్రగర్భం ఎంత మేర, ఎంత ఎత్తున కదిలిందో నిర్ణయించడం మొదటి దశ. ఆ కదలిక వలన పుట్టిన అల సముద్రంలో ప్రయాణించే తీరును లెక్కించడం రెండవది. నేల మీదికి ఎక్కిన నీరు ఎంత దూరం, ఎంత లోతున, ఎంత వేగంతో పారుతుందో తేల్చడం మూడవది. జపాన్‌లోని తొహోకు విశ్వవిద్యాలయం రూపొందించిన ‘తునామి’, అమెరికా జాతీయ సముద్ర, వాతావరణ సంస్థ వినియోగించే ‘మోస్ట్’, వాషింగ్టన్ విశ్వవిద్యాలయ గణితశాస్త్రవేత్తల కృషితో వృద్ధి చెందిన ‘జియోక్లా’ ఈ రంగంలో ప్రసిద్ధమైన సాఫ్ట్‌వేర్లు.

సునామీ అల పొడవు సముద్రపు లోతు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అందువల్ల దాని వేగం ప్రధానంగా నీటి లోతు మీద ఆధారపడుతుంది. గురుత్వ త్వరణాన్ని లోతుతో గుణించి, ఆ లబ్ధానికి వర్గమూలం తీస్తే వేగం వస్తుంది. 4,000 మీటర్ల లోతులో అది గంటకు 700 కిలోమీటర్ల పైచిలుకు. 10 మీటర్ల లోతుకు వచ్చేసరికి గంటకు 36 కిలోమీటర్ల ప్రాంతానికి తగ్గుతుంది. ముందుభాగం నెమ్మదించగా వెనుక భాగం తరుముకొస్తుంది. అల కుదించుకుపోయి ఎత్తు పెరుగుతుంది. సాఫ్ట్‌వేర్ సముద్రాన్నీ, నేలనూ చిన్న చిన్న గళ్లుగా విభజించి, ఒక్కొక్క గడిలో నీటిమట్టం, వేగం క్షణక్షణానికి ఎలా మారుతున్నాయో లెక్కిస్తుంది. నడిసముద్రంలో గడి కిలోమీటర్ల పరిమాణంలో ఉన్నా చాలు. ఊరి వీధుల్లోకి వచ్చేసరికి అది కొద్ది మీటర్లకు కుదించుకోవాలి. లేకుంటే గట్టు, కాలువ, రోడ్డు తేడా తెలియదు.

ఈ గణనకు పునాది ఒక ఊహ. రాబోయే భూకంపం ఎంత పెద్దదో ఎవరికీ తెలియదు. అందుకే ఆరెగాన్ భూగర్భశాఖ ఒకే అంచనాతో సరిపెట్టుకోలేదు. చొక్కాల సైజుల మాదిరిగా స్మాల్, మీడియం, లార్జ్, ఎక్స్‌ట్రా లార్జ్, డబుల్ ఎక్స్‌ట్రా లార్జ్ అనే ఐదు స్థాయిల సునామీలను లెక్కించింది. స్థానిక సునామీ తరలింపు పటాలకు అన్నిటికంటే పెద్దదాన్ని ప్రాతిపదికగా తీసుకున్నది. ఏ సైజును ఎంచుకోవాలన్నది గణితం ఇచ్చే సమాధానం కాదు. ఎంత ప్రమాదాన్ని సమాజం భరించడానికి సిద్ధపడుతుందన్న దాన్నిబట్టి తీసుకునే నిర్ణయం అది.

4. రెండవ గణన - మనిషి ఎప్పటికి:

ముంపు పటం సిద్ధమైన తరువాత మనిషి గడియారం లెక్క మొదలవుతుంది. ఇందుకోసం యు.ఎస్. జియలాజికల్ సర్వే శాస్త్రవేత్తలు 2014లో ‘పెడెస్ట్రియన్ ఎవాక్యుయేషన్ ఎనలిస్ట్’ అనే సాధనాన్ని విడుదల చేశారు. ఇది ఆర్క్‌జీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌కు అనుబంధంగా పనిచేస్తుంది. ముంపు ప్రాంతంలోని ప్రతి గడి నుంచి అత్యంత సమీప సురక్షిత స్థలానికి నడిచి చేరడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో ఇది లెక్కిస్తుంది. లెక్క సాగే దిశ గమనింపదగినది. అది తీరం నుంచి కొండకు కాక, సురక్షిత స్థలపు అంచు నుంచి వెనక్కి, సముద్రం వైపు సాగుతుంది. రాయి పడిన చెరువులో వలయాలు విస్తరించినట్లు, ఐదు నిమిషాల గీత, పది నిమిషాల గీత, పదిహేను నిమిషాల గీత పటం మీద ఏర్పడతాయి.

ఈ సాధనం దూరాన్ని కాకి ఎగిరినట్లు సూటిగా కొలవదు. రెండు అంశాలను పరిగణిస్తుంది. మొదటిది వాలు. వాల్డో టాబ్లర్ అనే భౌగోళికవేత్త 1993లో ప్రతిపాదించిన సూత్రం ప్రకారం, సమతలం మీద గంటకు 5 కిలోమీటర్ల వేగంతో నడిచే మనిషి, 100 మీటర్లకు 20 మీటర్లు ఎక్కే ఎత్తు మీద సగం వేగంతో, అంటే గంటకు సుమారు 2.5 కిలోమీటర్లే నడవగలడు. అదే వాలు దిగేటప్పుడు వేగం గంటకు మూడున్నర కిలోమీటర్లు. ఎక్కడం, దిగడం ఒకటి కావు కనుక దిశను బట్టి లెక్క మారుతుంది.

రెండవది కాలి కింది నేల. భిన్నమైన నేలల మీద నడవడానికి ఖర్చయ్యే శక్తిని కొలిచిన 1972 నాటి ఒక అధ్యయనం తారురోడ్డును 1గా తీసుకుంటే, పలచని పొదలకు 1.2, దట్టమైన పొదలకు 1.5, బురదనేలకు 1.8, వదులు ఇసుకకు 2.1 అనే గుణకాలు ఇచ్చింది. దీనిని కాలానికి అన్వయించుకుంటే, సెకనుకు 1.1 మీటర్ల వేగంతో నడిచే వ్యక్తి 300 మీటర్ల తారురోడ్డును నాలుగున్నర నిమిషాల్లో దాటుతాడు. అంతే దూరం వదులు ఇసుకలో దాటడానికి తొమ్మిదిన్నర నిమిషాలు పడుతుంది. ఇళ్లు, కంచెలు, నీటిమడుగులు దాటరాని గళ్లుగా నమోదవుతాయి. వంతెన నిలిచి ఉంటుందనుకొని ఒకసారి, కూలుతుందనుకొని మరోసారి లెక్కించి తేడాను చూడవచ్చు.

మనుషులందరి నడకా ఒకటి కాదు. నిదానపు నడకకు సెకనుకు 1.1 మీటర్లు, వేగపు నడకకు 1.52 మీటర్లు సాధారణంగా వాడే విలువలు. పదిహేను నిమిషాల్లో మొదటివారు 990 మీటర్లు, రెండవవారు 1,368 మీటర్లు పోగలరు. ఆ 378 మీటర్ల తేడాలో ఎన్నో ఇళ్లు ఉండవచ్చు. వృద్ధులు, పసిపిల్లల తల్లులు, చక్రాల కుర్చీలో కదిలేవారు ఉన్న ఊరిని సగటు నడకతో కొలిస్తే, లెక్క ఎవరి విషయంలో కచ్చితంగా ఉండాలో వారి విషయంలోనే తప్పుతుంది.

5. గణన నుంచి కట్టడానికి - వెస్ట్‌పోర్ట్ ఉదాహరణ:

2015లో అమెరికా జాతీయ విజ్ఞానశాస్త్ర అకాడమీ పత్రికలో వెలువడిన ఒక అధ్యయనం కాస్కేడియా తీరంలోని 49 పట్టణాలు, 7 ఆదివాసీ రిజర్వేషన్లు, 17 కౌంటీలను ఈ పద్ధతిలో పరిశీలించింది. కొన్నిచోట్ల ప్రజలకు నడిచి బయటపడేంత సమయం ఉన్నదని, మరికొన్నిచోట్ల లేదని తేలింది. ఈ ఫలితం ప్రణాళికల దృష్టిని మార్చింది. సమయం ఉన్న ఊరికి కావలసినది అవగాహన, దారిసూచికలు, సాధన. సమయం లేని ఊరికి ఎంత అవగాహన కల్పించినా చాలదు. అక్కడ ఎత్తును ఊరిలోకే తేవాలి. దీనినే నిలువు తరలింపు అంటారు. భూకంపాన్నీ, నీటి ఒత్తిడినీ తట్టుకొని నిలిచే ఎత్తయిన కట్టడం ఎక్కడమే ఇక్కడ తరలింపు.

వాషింగ్టన్ రాష్ట్రంలోని వెస్ట్‌పోర్ట్ రెండు వేల పైచిలుకు జనాభా కలిగిన చిన్న రేవు పట్టణం. చుట్టూ నీరు, పల్లపు నేల. అక్కడి ఒకోస్టా ప్రాథమిక పాఠశాల పాత భవనాన్ని మార్చవలసి వచ్చినప్పుడు, ఎటూ కట్టే భవనాన్ని పిల్లలను కాపాడేదిగానే కట్టాలన్న ఆలోచన వచ్చింది. పాఠశాల స్థలంలో నీరు ఎంత లోతున, ఎంత వేగంతో పారుతుందో జియోక్లాతో లెక్కించారు. 2013లో స్థానిక ఓటర్లు బాండ్ల ద్వారా నిధుల సేకరణకు ఆమోదం తెలిపారు. 2016లో పూర్తయిన ఆ భవనంలో వ్యాయామశాల పైకప్పు దాదాపు వెయ్యిమందికి ఆశ్రయమిచ్చే వేదిక. ఉత్తర అమెరికాలో సునామీ నిలువు తరలింపు కోసం రూపొందించిన మొదటి కట్టడం అదే. తరువాత 2022లో సమీపంలోని షోల్‌వాటర్ బే ఆదివాసీ తెగ టోక్‌లాండ్ వద్ద 400 మందికి పైగా పట్టే గోపురాన్ని నిర్మించుకున్నది.

ఈ ఉదాహరణలో సాఫ్ట్‌వేర్ చేసిన పని పరిమితమైనదే అయినా కీలకమైనది. ప్రతిపాదిత స్థలాలను ఒకదాని తరువాత ఒకటి నమూనాలో సురక్షిత స్థలంగా పెట్టి చూస్తే, దేనివల్ల ఎంతమంది అదనంగా గడువులోపు చేరగలరో తెలుస్తుంది. ఎత్తు ఎంత ఉండాలో, పునాది కింది ఇసుక కోతకు గురైతే ఏమవుతుందో ఇంజనీరుకు లెక్క దొరుకుతుంది. కానీ పన్ను భారం మోయడానికి ముందుకు రావలసినది ఊరివారు. ‘ప్రమాదం ఉన్నది’ అనే మాట అంతకుముందూ వారికి తెలుసు. ‘మన బడి నుంచి ఎత్తుకు చేరే లోపలే నీరు వస్తుంది’ అన్న నిర్దిష్టమైన లెక్క, తెలిసిన విషయాన్ని నిర్ణయంగా మార్చడానికి తోడ్పడింది.

6. గుంపులో మనిషి - సీసైడ్ ఉదాహరణ:

పైన వివరించిన పద్ధతిలో ఒక లోపం ఉన్నది. అది ప్రతి మనిషినీ ఒంటరిగా, భూమి కంపించడం ఆగిన వెంటనే బయలుదేరేవాడిగా, దగ్గరి దారి తెలిసినవాడిగా భావిస్తుంది. నిజజీవితంలో మనుషులు బంధువులకు ఫోన్ చేస్తారు, పిల్లల కోసం వెతుకుతారు, పక్కింటివారు ఏం చేస్తున్నారో చూస్తారు, కారు తీస్తారు. ఈ ప్రవర్తనను లెక్కలోకి తేవడానికి ఏజెంట్ ఆధారిత నమూనాలు వచ్చాయి. వీటిలో ప్రతి వ్యక్తీ ఒక ‘పాత్ర’. ఎప్పుడు బయలుదేరాలి, నడవాలా, వాహనం ఎక్కాలా, ఏ దారిన పోవాలి అనే నియమాలు ఆ పాత్రకు ఉంటాయి. వేలాది పాత్రలు ఒకే వీధుల్లోకి వచ్చినప్పుడు ఎక్కడ రద్దీ ఏర్పడుతుందో, ఎవరిని నీరు అందుకుంటుందో తెర మీద కనిపిస్తుంది.

ఆరెగాన్‌లోని సీసైడ్ పట్టణం మీద ఆరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు నెట్‌లోగో అనే సాఫ్ట్‌వేర్‌తో 2016లో ఇటువంటి అధ్యయనాన్ని ప్రచురించారు. సీసైడ్‌లో సముద్రానికీ, కొండలకూ మధ్య నెకానికమ్ నది, నియవానా వాగు పారుతాయి. కొండకు చేరాలంటే వంతెనలు దాటక తప్పదు. వేసవిలో సందర్శకుల రాకతో జనం అనేక రెట్లు పెరుగుతారు. బయలుదేరడంలో జాప్యం, నడక వేగం, వాహనాలను ఎంచుకునేవారి నిష్పత్తి, ఆశ్రయాల స్థానం ప్రాణనష్టాన్ని గణనీయంగా మారుస్తాయని ఆ నమూనా చూపింది.

వీటిలో జాప్యాన్ని ప్రత్యేకంగా గమనించాలి. అల రావడానికి 25 నిమిషాల వ్యవధి ఉన్నదనుకుందాం. వెంటనే కదిలితే నిదానంగా నడిచేవారు కూడా 1,650 మీటర్లు పోగలరు. పది నిమిషాలు ఆగితే 990 మీటర్లే. ఆ నష్టాన్ని నడకతో పూడ్చుకోవాలంటే సెకనుకు 1.83 మీటర్ల వేగంతో, అంటే దాదాపు పరుగుతో పోవాలి. ముసలివారికి అది అసాధ్యం. ఒక వంతెనను బలోపేతం చేయడానికి ఏళ్లు, కోట్లు కావాలి. పది నిమిషాల జాప్యాన్ని తగ్గించడానికి కావలసినది అలవాటు. రెండూ ప్రాణాలను కాపాడేవే. ఏది ఎంతమేరకు కాపాడుతుందో పోల్చి చూపడమే నమూనా ప్రయోజనం. సీసైడ్‌లోనూ 2016లో ఓటర్లు నిధులు ఆమోదించి, ముంపు ప్రాంతంలోని బడులను కొండమీదికి తరలించుకున్నారు. పిల్లల విషయంలో పరుగు అవసరమే లేకుండా చేయడం అన్నిటికంటే మేలైన ప్రణాళిక.

7. పటం మీది గీత - జపాన్ పాఠం:

నమూనా ఫలితాన్ని ప్రజలు ఎలా అర్థం చేసుకుంటారన్నది నమూనా అంత ముఖ్యమైన విషయం. 2011 మార్చి 11 నాటి తూర్పు జపాన్ మహావిపత్తులో మరణించినవారు, గల్లంతైనవారు కలిపి 18,000కు పైగా ఉన్నారు. ప్రపంచంలో సునామీకి అత్యంత సన్నద్ధమైన దేశం అది. ముంపు పటాలు సిద్ధంగా ఉన్నాయి. వాటి కంటే పెద్ద సునామీ వచ్చింది.

ఇషినోమాకి నగరంలోని ఒకావా ప్రాథమిక పాఠశాల ముంపు గీతకు వెలుపల ఉన్నది. దానిని ఆశ్రయస్థలంగా కూడా గుర్తించారు. భూకంపం తరువాత దాదాపు 50 నిమిషాల సేపు పిల్లలను బడి ఆవరణలోనే ఉంచారు. వెనుకనే కొండ ఉన్నది. 74 మంది పిల్లలు, 10 మంది ఉపాధ్యాయులు, సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. తల్లిదండ్రులు న్యాయస్థానాన్ని ఆశ్రయించగా, పాఠశాల, నగరపాలక సంస్థల ముందస్తు సన్నద్ధత లోపాన్ని తప్పుపట్టిన తీర్పు 2019లో సుప్రీంకోర్టు స్థాయిలో ఖాయమైంది.

కామాయిషి నగరంలోని ఉనోసుమాయి ప్రాంతపు ప్రాథమిక పాఠశాల, పక్కనున్న మాధ్యమిక పాఠశాల కూడా ముంపు గీతకు వెలుపలే ఉన్నాయి. అక్కడి పిల్లలు మాత్రం గీతను నమ్ముకొని ఆగలేదు. మొదట నిర్ణయించిన చోటికి పరుగెత్తారు. అక్కడా ప్రమాదమని తోచి మరింత ఎత్తుకు, ఆపై మరింత పైకి వెళ్లారు. రెండు బడుల నుంచి వెళ్లిన దాదాపు 570 మంది ప్రాణాలతో మిగిలారు. ఆ పట్టణంలో ఏళ్ల తరబడి విపత్తు విద్యను బోధించిన తోషితాకా కతాదా, సునామీ రాకనూ, సమాచార ప్రసారాన్నీ, ప్రజల కదలికనూ కలిపి చూపే కంప్యూటర్ సిమ్యులేటర్‌ను రూపొందించిన పరిశోధకుడు. నమూనాల శక్తి తెలిసిన ఆయనే పిల్లలకు నేర్పిన మొదటి సూత్రం, ముందస్తు అంచనాలను గుడ్డిగా నమ్మవద్దన్నది.

పరిశోధకునికి ముంపు గీత ‘ఈ ఊహలు నిజమైతే నీరు ఇంతవరకు వస్తుంది’ అనే షరతుతో కూడిన వాక్యం. పటం చూసే పౌరునికి అదే గీత ‘ఇక్కడి నుంచి భయం లేదు’ అనే నిశ్చయార్థక వాక్యంగా కనిపిస్తుంది. షరతు జారిపోయి నిశ్చయం మిగలడంలోనే ప్రమాదం ఉన్నది.

8. తెలుగు తీరానికి అన్వయం:

2004 డిసెంబర్ 26న సుమత్రా సమీపంలో భూకంపం సంభవించినది భారత కాలమానం ప్రకారం ఉదయం 6 గంటల 29 నిమిషాలకు. అల భారత తూర్పు తీరాన్ని తాకడానికి రెండు గంటలకు పైగా పట్టింది. అంత వ్యవధి ఉండి కూడా ఆంధ్రప్రదేశ్ తీరంలో వందమందికి పైగా మరణించారు. అప్పటికి హిందూ మహాసముద్రానికి హెచ్చరిక వ్యవస్థ లేదు. 2007 అక్టోబర్‌లో హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌లో భారత సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం పని ప్రారంభించింది. సంభవించే అవకాశమున్న భూకంపాలకు ముందుగానే సునామీలను లెక్కించి భద్రపరచడం, నిజంగా భూకంపం వచ్చినప్పుడు దానికి దగ్గరి లెక్కను తీసి, సముద్రగర్భ పీడన మాపకాలతో సరిచూసి హెచ్చరిక ఇవ్వడం ఇక్కడి పద్ధతి.

కాస్కేడియా లెక్క అండమాన్, నికోబార్ దీవులకు దాదాపు యథాతథంగా వర్తిస్తుంది. భూకంప మండలం వాటి పక్కనే ఉన్నది. ప్రధాన భూభాగంలోని తెలుగు తీరానికి సుమత్రా, అండమాన్ సునామీ విషయంలో వ్యవధి గంటల్లో ఉంటుంది. అయితే దూరం సమస్య మిగిలే ఉంటుంది. విశాఖపట్నంలో కొండలు సముద్రానికి చేరువలో ఉన్నాయి. కృష్ణా, గోదావరి డెల్టాల్లో కిలోమీటర్ల పొడవునా చెప్పుకోదగ్గ ఎత్తు లేదు. 1977 నవంబర్ దివిసీమ ఉప్పెన వేలాదిమందిని బలిగొన్న తరువాత తీరగ్రామాల్లో వెలసిన తుపాను షెల్టర్లు భావరీత్యా నిలువు తరలింపు కట్టడాలే. కానీ వాటి ఎత్తు, పునాది సునామీ ప్రవాహ వేగానికి సరిపోతాయా అన్నది వేరుగా లెక్కించవలసిన ప్రశ్న.

డెల్టాలో నడక లెక్క కూడా స్థానికంగా కొలవవలసినదే. ఉపగ్రహ చిత్రంలో ఊరి నుంచి పెద్దరోడ్డుకు ఒక కిలోమీటరు కనిపించవచ్చు. మధ్యలో రొయ్యల చెరువులు ఉంటే మనిషి గట్ల వెంట చుట్టూ తిరిగి పోవాలి. సరుగుడు తోపులోని ఇసుకబాట, వర్షాకాలపు నల్లరేగడి, మురుగు కాలువ మీది ఒంటి వంతెన అమెరికా గుణకాల్లో దొరకవు. ఆ దారిలో రోజూ నడిచే మత్స్యకారుల అనుభవం ఇక్కడ నమూనాకు అవసరమైన దత్తాంశం. ఒడిశాలోని గంజాం జిల్లా వెంకట్రాయిపూర్, జగత్‌సింగ్‌పూర్ జిల్లా నోలియాసాహి గ్రామాలను 2020లో యునెస్కో అంతర్‌ప్రభుత్వ సముద్రశాస్త్ర సంఘం ‘సునామీ సన్నద్ధ’ సమాజాలుగా గుర్తించింది. గంజాం తీరంలో తెలుగు మాట్లాడే మత్స్యకార కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. తరలింపు పటం, గ్రామస్థుల సాధన ఆ గుర్తింపుకు కావలసిన అంశాల్లో ఉన్నాయి.

9. ‘తరలింపు’, ‘తరలిపోవడం’ - భాషాపరమైన పరిశీలన:

తెలుగు పత్రికల్లో, ప్రభుత్వ ప్రకటనల్లో ఈ సందర్భంలో స్థిరపడిన పదం ‘తరలింపు’. ఇది ‘తరలించు’ అనే సకర్మక క్రియ నుంచి వచ్చింది. తరలించేవారు ఒకరు, తరలింపబడేవారు మరొకరు అనే అర్థం అందులో ఉన్నది. ‘లోతట్టు ప్రాంతాల ప్రజలను సురక్షిత ప్రాంతాలకు తరలించారు’ అనే వాక్యంలో కర్త ప్రభుత్వం, ప్రజలు కర్మ. తుపాను విషయంలో ఈ వాక్యం వాస్తవానికి సరిపోతుంది. బస్సులు, సిబ్బంది, రోజుల వ్యవధి ఉంటాయి.

సమీప సునామీలో తరలించేవారు ఎవరూ రారు. ‘తరలు’ అనే అకర్మక క్రియలోని మనిషి తానే కర్త. ఎవరి ఆజ్ఞా లేకుండా తానే కదలాలి. కాస్కేడియా నమూనాలు సంఖ్యల్లో చెప్పిన విషయం ఇదే. పది నిమిషాల జాప్యంలో అధిక భాగం ‘ఎవరైనా వచ్చి చెబుతారు’ అనే నిరీక్షణ కావచ్చు. కనుక బడిపిల్లలకు, తీరగ్రామాలకు ఇచ్చే సందేశాల్లో ‘తరలింపు కేంద్రానికి తరలించబడతారు’ వంటి కర్మణి వాక్యాల కన్నా, ‘భూమి గట్టిగా కంపిస్తే, సముద్రం ఒక్కసారిగా వెనక్కిపోతే, ఎవరి కోసమూ ఆగకుండా ఎత్తుకు నడవండి’ వంటి కర్తరి వాక్యాలు ప్రయోజనకరం. పరిభాషగా ‘తరలింపు’ను వదులుకోనక్కరలేదు. సందేశంలో మాత్రం కర్త ఎవరో స్పష్టం కావాలి.

10. ముగింపు:

పై పరిశీలన ఆధారంగా కింది అంశాలను గుర్తించవచ్చు.

1. సునామీ తరలింపు ప్రణాళికకు నీటి రాక లెక్క ఒక్కటే చాలదు. మనిషి నడక లెక్కను దాని పక్కన పెట్టినప్పుడే ఏ ఊరికి ఏది అవసరమో తేలుతుంది.

2. సమయం చాలే ఊరికి సాధన, సమయం చాలని ఊరికి కట్టడం అవసరం. ఈ విభజనను కాలినడక నమూనాలు స్పష్టం చేశాయి. వెస్ట్‌పోర్ట్ పాఠశాల అందుకు నిదర్శనం.

3. ఏజెంట్ ఆధారిత నమూనాల్లో బయలుదేరే ముందు జరిగే జాప్యం ప్రాణనష్టాన్ని నిర్ణయించే ప్రధాన అంశాల్లో ఒకటిగా కనిపిస్తున్నది. అది సాంకేతికత కన్నా విద్యకు, అలవాటుకు సంబంధించినది.

4. ముంపు గీత షరతుతో కూడినది. ఆ షరతును చెప్పని పటం రక్షణకు బదులు ధీమాను ఇస్తుంది. ఒకావా, కామాయిషి అనుభవాలు దీనికి రెండు వైపుల సాక్ష్యాలు.

5. తెలుగు తీరానికి ఈ పద్ధతిని అన్వయించేటప్పుడు గట్లు, చెరువులు, ఇసుకబాటలు, తుపాను షెల్టర్లు స్థానికుల సహాయంతో కొత్తగా కొలవవలసినవి.

6. నమూనా ఫలితం చివరకు ప్రజలకు చేరేది మాట రూపంలోనే. ఆ మాట ప్రజలను కర్తలుగా సంబోధించాలి.

కంప్యూటర్ లెక్కించిన నిమిషాలు ఎవరినీ వాటంతటవి కాపాడవు. ఒక బడిని ఎక్కడ కట్టాలి, ఒక దారిని ఎటు వేయాలి, పిల్లలకు ఏ వాక్యం నేర్పాలి అనే నిర్ణయాలుగా అవి మారినప్పుడే ఆ గణనకు సార్థకత.